నటనా, భాషాభిమానమూ

సినిమా నటనను గురించి మన విద్యార్థులలో రెండు అభిప్రాయాలు బలంగా ఉన్నవి. పాశ్చాత్య నటుడు నటించడు, జీవిస్తాడు. మనవాడు అరుస్తాడు, గుడ్లురుముతాడు, తొడ చరుస్తాడు అనేది మొదటిది. భరతముని నవరసాలను విభజించి చెప్పిన నాటికి తెల్లవాడికి నాటకమంటే ఏమిటో తెలియదనీ, తెలుగు నటుడితో సరితూగేవాడు ప్రపంచంలో లేడనీ, అందుకు 2023లో ‘ఆర్.ఆర్.ఆర్.’ పాటకు వచ్చిన ఆస్కారే సాక్ష్యమనీ అనేది రెండవది. (గ్రీకుల సంగతి వీరికి గుర్తు రాదు. భరతుడు చెప్పిన రసాలు ఎనిమిదేననీ, శాంతం తరువాతివారు చేర్చినదనీ కూడా గుర్తు రాదు.)

ఈ రెండూ రెండు వర్గాలవారి అభిప్రాయాలైతే చర్చ తేలిక. చిత్రమేమిటంటే, చాలాసార్లు ఈ రెండూ ఒకే విద్యార్థి నోట వినబడతవి. సూళ్లూరుపేటలో జాతీయ రహదారి పక్కన 2019లో వెలిసిన పెద్ద తెర మీద ఇంగ్లీషు సినిమా చూసివచ్చిన రోజున మొదటి మాట అంటాడు. మన పాటకు అమెరికాలో చప్పట్లు కొట్టారన్న వార్త వచ్చిన రోజున రెండవ మాట అంటాడు. జాగ్రత్తగా చూస్తే ఇందులో వైరుధ్యం లేదు. మొదటి మాటలో పాశ్చాత్యుడు ఆదర్శం. రెండవ మాటలో పాశ్చాత్యుడు న్యాయమూర్తి. ఎటొచ్చీ పీఠం మీద కూర్చున్నవాడు అతనే. మనం సంతోషించేది తీర్పు మనకు అనుకూలంగా వచ్చినందుకు. అధ్యాపకుడుగా నాకు పట్టిన చింత ఇదే. న్యూనతాభావమూ, జాత్యహంకారమూ ఒకే చెట్టు కాయలైనప్పుడు ఒకదాన్ని తెంపి రెండవదాన్ని మిగల్చడం సాధ్యం కాదు.

ముందు ‘సహజ నటన’ సంగతి చూద్దాం.

ఈ సహజత్వం ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటరు స్థాపించిన స్తనిస్లావ్‌స్కీ, చెహోవ్ నాటకాలను ప్రదర్శించడంలో పాత పద్ధతి పనికిరాదని గ్రహించాడు. పాత్ర లోపలి అవసరం నుంచి చేష్ట పుట్టాలన్నాడు. ఆ సూత్రాలు అమెరికా చేరి, అక్కడ రూపం మార్చుకుని, 1947లో న్యూయార్కులో ఏర్పడిన ఆక్టర్స్ స్టూడియోలో ఒక పద్ధతిగా స్థిరపడినవి. ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ (1954)లో మార్లన్ బ్రాండో ఓడరేవు కూలీగా నటించాడు. టాక్సీలో అన్నతో మాట్లాడే ఘట్టం నటనకు పరాకాష్ఠ అంటారు, నిజమే. (ఆ చిత్ర దర్శకుడు ఎలియా కజాన్ 1952లో అమెరికన్ విచారణ సంఘం ముందు తన పాత కామ్రేడ్ల పేర్లు చెప్పినవాడనీ, సాక్ష్యం చెప్పడాన్ని వీరకృత్యంగా చూపిన ఈ చిత్రం ఆ తరువాత తీసిందేననీ మన విద్యార్థులకు తెలియడం మంచిది. అయినా బ్రాండో నటన నటనే.)

ఆ నటన ఎక్కడున్నది? చాలా భాగం అతని మాటలో ఉన్నది. చదువుకోని రేవు కూలీ, ముక్కు మొహమూ పగలగొట్టించుకున్న మాజీ బాక్సరు, మాట పూర్తిగా నోట పెగలనివాడు. వాడి సగం మింగిన ఇంగ్లీషులో వాడి జీవితమంతా వినబడుతుంది. కాని ఆ ఇంగ్లీషు మన విద్యార్థికి వినబడుతున్నదా? అతడు తెర కింద అక్షరాలు చదువుకుంటూ మొహం చూస్తున్నాడు. మొహం నిబ్బరంగా ఉన్నది కనుక సహజంగా ఉన్నదంటున్నాడు. ఆ నటుడు న్యూజెర్సీ యాసను తప్పుగా పలికినా, పలుకులో పాత్రకు మించిన చదువు కనిపించినా మనకు పట్టదు. తెలుగు నటుడి దగ్గరకు వచ్చేసరికి ప్రతి అక్షరమూ మన చెవికి తగులుతుంది. ఎక్కడ దీర్ఘం తీశాడో, ఎక్కడ నాటకం ఫక్కీలో విరిచాడో, ఎక్కడ అర్థం తెలియకుండా అప్పజెప్పాడో ఇట్టే పట్టేస్తాం. ఒకరిని కళ్ళతో మాత్రమే తూచి, మరొకరిని కళ్ళతోనూ చెవులతోనూ తూచి, మొదటివాడే బరువన్నామంటే తక్కెడను అనుమానించాలి.

పైగా ‘పాశ్చాత్య నటన’ అనే ఏక పదార్థం ఎక్కడున్నది? మాటల సినిమా వచ్చిన తరువాత కూడా చాప్లిన్ చాలాకాలం మాట్లాడనన్నాడు. ‘మోడరన్ టైమ్స్’ (1936)లో మొదటిసారి గొంతు విప్పి, ఏ భాషకూ చెందని అర్థంలేని మాటలతో పాట పాడాడు. అది బ్రాండో సహజత్వానికి ఆమడ దూరం, తోలుబొమ్మలాటకు దగ్గర. ఇక బెర్టోల్ట్ బ్రెహ్ట్ 1935లో మాస్కోలో చైనా నటుడు మై లాన్‌ఫాంగ్ ప్రదర్శన చూశాడు. పాత్రలో లీనమైపోకుండా, పాత్రను ప్రేక్షకుడికి చూపిస్తూ నటించే ఆ తూర్పు విధానంలో తన సిద్ధాంతానికి ఊతం కనుగొన్నాడు. మనవాళ్ళు సిగ్గుపడి వదిలించుకోవాలనుకున్న లక్షణాన్నే యూరపు విప్లవ నాటకకర్త ఆశగా అధ్యయనం చేశాడన్నమాట.

అయితే దీన్ని పట్టుకుని రెండవ పక్షం వారు సంబరపడనక్కరలేదు. నాట్యశాస్త్రం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పింది. లోకధర్మి అనీ, నాట్యధర్మి అనీ రెండు మార్గాలు చెప్పింది. అంటే లోకంలో మనుషులు ఎలా ఉంటారో అలా చేసి చూపడమూ, కళ కోసం ఏర్పరచుకున్న నియమాలతో చూపడమూ రెండూ మన శాస్త్రం ఎరిగినవే. ‘సహజం పాశ్చాత్యం, శైలీబద్ధం భారతీయం’ అనే విభజనకు భరతుడే అడ్డం. ఎస్.వి. రంగారావు ఒక్కడు చాలు దీనికి ఉదాహరణగా. ‘నర్తనశాల’ (1963) కీచకుడు నాట్యధర్మి. ఆ నడక, ఆ చూపు, ఆ బరువైన ఆభరణాల కింద మదించిన దేహం లోకంలో ఎక్కడా కనబడవు. ఆ పాత్రకు 1964లో జకార్తా ఆఫ్రో–ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. సామ్రాజ్యవాదపు కాడి అప్పుడే దింపుకున్న దేశాలు ఒకరి కళను ఒకరు చూసుకున్న ఉత్సవం అది. ఆస్కారును గురించి మాట్లాడే మన పిల్లల్లో జకార్తా పేరు ఎత్తినవాణ్ణి నేను చూడలేదు. అదే రంగారావు ‘బంగారు పాప’ (1955)లో మొరటు కోటయ్య. ఆ కథకు మూలం జార్జ్ ఎలియట్ నవల ‘సైలాస్ మార్నర్’. ఇంగ్లీషు పల్లెటూరి నేతగాడు పాలగుమ్మి పద్మరాజు మాటలలో పడి, రంగారావు గొంతులో పడి, తెలుగు మనిషి అయిపోయినాడు. అక్కడ కిరీటం లేదు, గద లేదు. పసిబిడ్డను ఎత్తుకున్న చేతుల తడబాటు ఉన్నది.

ఇంతకూ లోకధర్మి మన రంగస్థలం మీదికి ఎలా వచ్చింది? హాలీవుడ్ చూసి నేర్చుకున్నామనే మాట నేను ఒప్పుకోను. నటనను మార్చింది భాష. పద్యాన్ని రాగం తీసి, వన్స్‌మోర్ కొట్టించుకుని, చచ్చిపడిన పాత్ర లేచి మళ్ళీ పాడే రోజుల్లో, పద్యం కంటె పాత్ర ముఖ్యమని పట్టుబట్టినవాడు బళ్ళారి రాఘవ. జమీందార్ల ఆగ్రహానికి గురై నిషేధం పాలైన గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ (1939)లో రాఘవ నటించడం యాదృచ్ఛికం కాదు. కాని ఒక్క నటుడి పట్టుదల చాలదు. నోటికి మాట కావాలి. గురజాడ ‘కన్యాశుల్కం’తో అది మొదలైంది. మా తాలూకా మంగళంపాడులో 1921లో పుట్టిన కిళాంబి వెంకట నరసింహాచార్యులు, అంటే ఆచార్య ఆత్రేయ, ‘ఎన్.జి.ఓ.’ నాటకం రాసి ఒక చిన్న గుమాస్తాను రంగస్థలం మీద నిలబెట్టాడు. నెలాఖరు లెక్కలు, అప్పులు, ఇంట్లో రోగం, ఆఫీసులో అవమానం. ఈ మాటలను ఏ రాగంలో తీస్తారు? గుమాస్తా మాటను ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీలలో శ్రీకృష్ణ రాయబారం ఫక్కీలో పలికితే జనం నవ్వుతారు. నటుడు గొంతు దించక తప్పలేదు. చేతులు ఊపడం మానక తప్పలేదు. అదే కాలంలో 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ‘మా భూమి’ని పల్లెపల్లెనా ఆడింది. సుంకర, వాసిరెడ్డి రాసిన ఆ మాటలు పలికినవారిలో అనేకులు వృత్తి నటులు కారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించవలసినంత సహజంగా అవి పలికినవి. మండలి నుంచి డాక్టర్ రాజారావు, మిక్కిలినేని, అల్లు రామలింగయ్య సినిమాకు వెళ్ళారు. తెలుగు తెర మీద లోకధర్మి నటనలో మంచిగా ఉన్నదానిలో పెద్ద వాటా ఈ దారిన వచ్చిందని నా అభిప్రాయం.

వచ్చిన తరువాత ఆ మాటను సినిమా పరిశ్రమ ఏం చేసింది? ఇక్కడ అభిమానం ప్రశ్న ఎదురవుతుంది.

కథానాయకుడికి ఒక తెలుగు నిర్ణయమైంది. కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల చదువుకున్న పై కులాల ఇండ్లలో వినబడే తెలుగు అది. తక్కిన తెలుగులన్నీ పక్క పాత్రలకు పంచిపెట్టారు. తెలంగాణ మాట చాలాకాలం పనివాడికీ రౌడీకీ. రాయలసీమ మాట కత్తి పట్టినవాడికి. శ్రీకాకుళం మాట అమాయకుడికి. మా నెల్లూరు మాట హాస్యగాడికి. నెల్లూరు జిల్లా జగదేవిపేటవాడు రమణారెడ్డి ఎంత గొప్ప హాస్యనటుడో ‘గుండమ్మ కథ’ (1962) చూసినవారికి చెప్పనక్కరలేదు. నేను అనేది ఆయన్ని కాదు. ‘ఉండాడు’, ‘యాడికి’, ‘ఏంది’ అనే మాటలు తెర మీద వినబడగానే నెల్లూరు సినిమాహాలులోనే నెల్లూరివాడు నవ్వేవాడు. తన అమ్మ మాట్లాడే మాటకు తానే నవ్వేవాడు. యానాదుల మాటకైతే ఆ హాస్యపు చోటు కూడా సరిగా దక్కలేదు. పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవారు, రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవిలో తరతరాలుగా బ్రతికినవారు, వారు మాట్లాడేది తెలుగే. ఆ తెలుగు మన గర్వంలో ఏ మూల ఉన్నది?

1982లో నందమూరి తారక రామారావు తెలుగువారి ఆత్మగౌరవం అనే నినాదంతో పార్టీ పెట్టి, 1983 జనవరిలో అధికారానికి వచ్చాడు. ఆ నినాదం వెనుక నిజమైన గాయం ఉన్నది. ఢిల్లీ మన ముఖ్యమంత్రులను బంట్రోతులను మార్చినట్లు మార్చిన రోజులవి. కాని ఆ నినాదానికి బలమిచ్చింది ఏమిటి? మూడు దశాబ్దాలు కృష్ణుడుగా, సుయోధనుడుగా జనం విన్న కంఠం. వ్యాను మీద నిలబడి మాట్లాడుతున్నది రాజకీయ నాయకుడైనా జనానికి వినబడింది ఆ పురాణ వాచికమే. నటన భాషాభిమానంగా మారి, భాషాభిమానం అధికారంగా మారిన ఇంత స్పష్టమైన ఘట్టం లోకంలో అరుదు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది, అది మేలే. అయితే ఆత్మగౌరవం మాట్లాడిన తెలుగు రాజసభ తెలుగు. కూలివాడు దాన్ని విని పులకించగలడు గాని అందులో తన కూలి సంగతి మాట్లాడలేడు.

ఈ మధ్య పరిస్థితి మారిందంటారు. మారింది. ‘పుష్ప’ (2021)లో కథానాయకుడు చిత్తూరు వైపు మాట మాట్లాడాడు. కూలివాడుగా మొదలైన పాత్ర. ఆ నటనకు 2023లో అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి బహుమతి ప్రకటించారు. తెలుగు నటుడికి ఆ బహుమతి రావడం అదే మొదలు. యాస ఇన్నాళ్ళకు పక్క పాత్ర నుంచి నడిమి పాత్రకు వచ్చిందని నేనూ సంతోషించాను. కాని ఆ చిత్రం ఉత్తరాదిన విజయం సాధించింది హిందీలో, శ్రేయస్ తల్పడే గొంతుతో. అక్కడి జనానికి చేరింది ఎగదీసిన భుజం, గడ్డం కింద చేయి. చిత్తూరు మాట చేరలేదు. అక్కడివారు మెచ్చింది ఆంగికాన్ని, మనం గర్వపడుతున్నది వాచికాన్ని చూసుకుని. దేనికి చప్పట్లు కొట్టారో తెలుసుకోకుండా మన భాష జయించిందనడం తొందరపాటు.

ఇంతకంటె బరువైన సంగతి ఒకటి ఉన్నది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పులలో ఇరవైమంది చనిపోయినారు. తిరువణ్ణామలై వంటి జిల్లాల నుంచి ఎర్రచందనం కొట్టడానికి కూలికి వచ్చిన తమిళులు. ఎర్రచందనం కథలో నిజమైన గొడ్డలి పట్టిన చేయి వారిది. మన తెర మీద ఆ చేతికి గాని, ఆ నోటి భాషకు గాని చోటు దొరకడం నేను చూడలేదు. మాకిది దూరపు విషయం కాదు. ఇక్కడినుంచి తడ దాటితే తమిళనాడు. సూళ్లూరుపేట అంగడిలో బేరం సగం తమిళంలో జరుగుతుంది, చెన్నై లోకల్ బండిలో ఏ భాషలో తిట్టుకుంటామో మాకే తెలియదు; మా పెద్ద తెర మీద సినిమా చూడడానికి చెన్నై నుంచి కార్లలో వస్తారు. తెలుగు యాస నాయకత్వానికి వచ్చిందన్న ఆనందంలో తమిళ కూలీ శవం కనబడకపోతే, ఆ ఆనందంలో ఏదో లోపమున్నది.

భాషాభిమానమంటే అన్యభాషల వారిని దూరం పెట్టడమని కొందరు తెలుగు ఉపాధ్యాయులే అంటున్నారు. కథానాయికలంతా పరాయివాళ్ళు, అందుకే తెలుగు చెడిందంటారు. దీనికి సినిమా చరిత్రే జవాబు. ‘మా భూమి’ (1980) తీసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ. మూలం కృష్ణచందర్ ఉర్దూ నవల. ఆ తెలంగాణ మాటకు సాటివచ్చే తెర మాట అచ్చ తెలుగు దర్శకులు ఎందరు ఇచ్చారు? ‘ఒక ఊరి కథ’ (1977)కు కథ ప్రేమ్‌చంద్‌ది, దర్శకుడు మృణాల్ సేన్, ప్రధాన నటుడు కన్నడ తెర నుంచి వచ్చిన వాసుదేవరావు. ‘మరో చరిత్ర’ (1978)లో భాష కలవని తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. ఆ చిత్రం తెలుగులోనే మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. తమిళులు మన భాషను నెత్తిన పెట్టుకున్నారని దీన్ని గురించి మనం గొప్ప చెప్పుకోవచ్చు. నేనైతే ఆ తమిళ ప్రేక్షకుల ఓర్పును మెచ్చుకుంటాను. పుట్టుక ప్రశ్న కాదు, శ్రమ ప్రశ్న. నోట పలుకుతున్న మాట అర్థమేమిటో తెలుసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా నటి పెదవులు కదిలించి, వెనుక నుంచి మరొకరి గొంతు అతికించే ఉత్పత్తి విధానం తప్పు. ఇటలీలోనూ గొంతులు తరువాతే అతికించేవారు గనుక ఇది మన ఒక్కరి పాపం కాదు. గొంతు అరువిచ్చేది కూడా నటనే. ‘గాంధీ’ (1982) తెలుగు రూపంలో బెన్ కింగ్‌స్లీకి గొంతు ఇచ్చినవాడు ఈ ప్రాంతపు బిడ్డ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం; బాలు గొంతు కనుక అందరికీ తెలిసింది. ‘మరో చరిత్ర’ నాయిక సరిత తరువాత ఎందరో నాయికలకు గొంతు ఇచ్చింది. వారి పొగడ్తలో ఆమె వాటా ఎంతో ఎవరు లెక్కగట్టారు? సాత్త్వికం ఒకరిది, వాచికం ఒకరిది, కీర్తి మాత్రం ఒకరిదే అయినప్పుడు శ్రమ దోపిడీ అనే మాట వాడడానికి మనం సంకోచించనక్కరలేదు.

తెలుగు చెప్పి బ్రతికేవాణ్ణి కనుక చివరకు ఒక ఇబ్బందికరమైన విషయం దగ్గరకు రాక తప్పదు. 1952లో పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహారదీక్షతో ప్రాణమిచ్చాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. నాడు భాషాభిమానం ప్రజాస్వామిక హక్కు. నా భాషలో నన్ను పాలించు, నా భాషలో నా బిడ్డకు చదువు చెప్పు అని అడగడం. 2019లో ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమమే ఉండాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ నడుమ నాలుగైదు నెలలు మన భాషాభిమానులు రాసిన వ్యాసాలు చదివాను. మాతృభాషలో చదువు శాస్త్రీయమన్న వారి వాదంతో నాకు పేచీ లేదు. కాని ఇంగ్లీషు చదువు కావాలన్న దళిత, గిరిజన తల్లిదండ్రులను మాతృద్రోహులన్నట్లు మాట్లాడినవారి పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు? యానాది పిల్లవాడి తెలుగును ఇన్నాళ్ళూ బడిలో దిద్దాము, తెర మీద నవ్వాము, పుస్తకంలో అచ్చు వేయలేదు; ఇప్పుడు తెలుగును కాపాడే బరువు మాత్రం వాడి నెత్తిన పెట్టాము. తెలుగు మాధ్యమం నిలవాలంటే ముందు ఆ పిల్లవాడి తెలుగు తెలుగేనని ఒప్పుకోవాలి. అది ఒప్పుకునే స్థలాల్లో సినిమా ఒకటి. నటన చర్చ నాకు కేవలం సౌందర్య చర్చగా కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఆ మధ్య తరగతిలో ‘ఎన్.జి.ఓ.’లో కొన్ని ఘట్టాలు చదివించాను. గుమాస్తా మాటలను మా ఇంట్లో మాట్లాడుకునేట్టు చదవొచ్చునా సార్ అని తడ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది. చదవమన్నాను. మొదట తరగతి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. అప్పులవాడు వచ్చే చోట నవ్వు ఆగింది. తరువాత మరొకడు లేచి అదే ఘట్టాన్ని సినిమా తెలుగులో చదివాడు. ఏది మేలనే దాని మీద గంట కొట్టేదాకా తగువులాడుకున్నారు. ఆ నాటకాన్ని ఈ ఏడాది పూర్తిగా ఆడాలని అనుకుంటున్నాము. గుమాస్తా ఏ తెలుగులో మాట్లాడాలనేది ఇంకా తేలలేదు.